కొట్టువాడికి ఎలా తెలుస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

నేను కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మాది మార్కాపురం పక్కన పల్లె. ఇక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్ళు దాటింది. మీ పత్రికను రోజూ ఫోనులో చదువుతాను. అమెరికాలో తెలుగువారు కాల్పులకు బలైనప్పుడల్లా ఆ వార్త మొదటి పేజీలో వస్తుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథలో మన ఇంజినీరును కాల్చి చంపినప్పుడు వచ్చింది. 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ పట్టణంలో బజారుకు వెళ్ళిన ఎనిమిది మంది చనిపోతే, వారిలో మన హైదరాబాదు అమ్మాయి కూడా ఉందని వచ్చింది. ఫోటో, కన్నవారి ఏడుపు, మృతదేహం ఏ రోజు ఇంటికి చేరుతుందన్న వివరం. మూడో రోజుకు వార్త ఆగిపోతుంది. ఇటువంటి వార్తల్లో తుపాకి గురించి ఒకటి రెండు వాక్యాలైనా ఉంటాయి. తూటా గురించి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క ముక్క నేను చదవలేదు. ఈ ఉత్తరం తూటా గురించే. పెద్దదే రాశాను. చోటు చాలకపోతే ఎక్కడైనా కత్తిరించండి, చివరి నాలుగు పేరాలు మాత్రం ఉంచండి.

ముందు నా పని సంగతి చెబుతాను. మా దుకాణంలో సూడోఎఫెడ్రిన్ అనే మాత్ర అమ్ముతాం. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేస్తే వేసుకునేది. దానితో దొంగచాటుగా మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థం తయారుచేస్తున్నారని 2006లో దేశమంతటికీ ఒక చట్టం తెచ్చారు. అప్పటి నుంచి ఆ మాత్రలు కౌంటర్ వెనకే ఉంటాయి. అడిగినవారి గుర్తింపు కార్డు చూడాలి. పేరు, చిరునామా, తేదీ, వేళ రాసుకుని సంతకం చేయించుకోవాలి. ఒకరికి ఒక రోజులో 3.6 గ్రాములకు మించి అమ్మకూడదు. ముప్పై రోజుల్లో ఎవరూ 9 గ్రాములకు మించి కొనకూడదు. నిన్న సాయంత్రం ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒకరు కళ్ళజోడు కోసం చేతిసంచి అంతా వెతుక్కుని, కార్డు తీసి చూపించి, వణికే చేత్తో సంతకం పెట్టి మాత్రలు తీసుకుని వెళ్ళారు. తనను దొంగలా చూశారని ఆవిడ అనుకోలేదు. నేనూ ఆవిడను అలా చూడలేదు.

మా ఊరి నుంచి తూర్పుగా రెండు గంటలు కారులో వెళితే సియెర్రా కొండలు దాటి నెవాడా రాష్ట్రంలోని రీనో నగరం వస్తుంది. అక్కడ దుకాణంలో యాభై పిస్టల్ తూటాల పెట్టె పదిహేను, ఇరవై డాలర్లకు దొరుకుతుంది. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారి చూడవలసింది వయసు మాత్రమే. పిస్టల్ తూటాలకు 21 ఏళ్ళు, రైఫిల్ తూటాలకు 18 ఏళ్ళు. కొనేవాడు పెద్ద నేరానికి శిక్ష అనుభవించి నిన్ననే బయటికి వచ్చినవాడు కావచ్చు. భార్యను కొట్టి శిక్ష పడినవాడు కావచ్చు. అటువంటివాడు తూటా దగ్గర ఉంచుకోవడమే నేరమని చట్టంలో స్పష్టంగా ఉంది. అతను అటువంటివాడని తెలిసీ అమ్మితే అమ్మినవాడిదీ నేరమే. కాని తెలుసుకోమని మాత్రం ఆ చట్టం ఎక్కడా చెప్పదు. తుపాకి అమ్మే ముందు ఎఫ్‌బీఐ కంప్యూటర్‌లో కొనేవాడి పూర్వాపరాలు చూడాలన్న నియమం 1998 నవంబరు నుంచి అమలులో ఉంది. తూటాలకు అది వర్తించదు. 2024లో అలబామా, ఓక్లహామా, టెక్సస్ రాష్ట్రాల్లో కొన్ని కిరాణా దుకాణాల్లో తూటాలు అమ్మే యంత్రాలు కూడా పెట్టారు. ఆ యంత్రం కార్డు చూసి, ముఖం పోల్చుకుని, వయసు సరిపోతే పెట్టె బయటికి వదులుతుంది. ఆ ముఖం గల మనిషి మీద కోర్టు ఉత్తర్వు ఏదైనా ఉందేమో చూడదు.

ఈ విషయం నాకు మొదట పట్టింది చట్టాలు చదివి కాదు. కొన్నేళ్ళ క్రితం మా గుడిలో పరిచయమైన ఒక అమ్మాయి ఉండేది. పెళ్ళయి మూడేళ్ళు. భర్త పిస్టల్ కొన్నాడు, పద్ధతి ప్రకారమే, అన్ని తనిఖీలూ అయ్యాకే. కొన్ననాడు అతని మీద ఏ కేసూ లేదు. ఆ తరువాతే ఇంట్లో కొట్టడం మొదలైంది. గొడవ పడిన రాత్రుల్లో పిస్టల్‌ను భోజనాల బల్ల మీద పెట్టి, దాని పక్కన తూటాలను ఒక్కొక్కటిగా నిలబెట్టేవాడట. నోరు విప్పి ఏమీ అనేవాడు కాదట. ఆ మాట చెప్పినప్పుడు ఆమె చేతులు బల్ల మీద లేని తూటాలను నిలబెడుతున్నట్టు కదిలాయి. నేను ఆ చేతులను మరిచిపోలేదు.

రక్షణ ఉత్తర్వు కోసం కోర్టుకు వెళ్ళినప్పుడు తోడుగా నేను వెళ్ళాను. అనువాదకుడు ఫోనులో ఉన్నాడు. భర్త తుపాకులు గాని మందుగుండు సామగ్రి గాని దగ్గర ఉంచుకోకూడదు, కొనకూడదు అని న్యాయమూర్తి చదివిన మాటలను తెలుగులో చెప్పాడు. ఆమె అయోమయంగా నా వైపు తిరిగింది. మందుగుండు సామగ్రి అంటే ఆమెకు తెలిసింది దీపావళి టపాకాయలే. "తూటాలు" అని నేను చెవిలో చెప్పాను. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి అడిగింది: "అక్కా, ఇది ఈ కాగితం మీద రాశారు. రేపు అతను కొట్టుకు వెళితే కొట్టువాడికి ఎలా తెలుస్తుంది?"

ఆ రోజు నా దగ్గర జవాబు ఉంది, ఎందుకంటే మేము నిలబడింది కాలిఫోర్నియాలో. 2016 నవంబరు ఎన్నికల్లో ఇక్కడి ఓటర్లు తూటాల అమ్మకాన్ని కట్టడి చేసే 63వ ప్రతిపాదనను నూటికి 63 మంది ఒప్పుకుని గెలిపించారు. 2019 జూలై 1 నుంచి తూటాల పెట్టె కొన్న ప్రతిసారీ దుకాణదారు కొనేవారి కార్డును రాష్ట్ర న్యాయశాఖ కంప్యూటర్‌తో సరిచూడాలి. ఇంటర్‌నెట్‌లో కొన్నా సరుకు నేరుగా ఇంటికి రాదు, లైసెన్సు ఉన్న దుకాణానికే వస్తుంది, అక్కడ తనిఖీ అయ్యాకే చేతికి ఇస్తారు. నిషేధ ఉత్తర్వు ఉన్నవాడని కంప్యూటర్ చెబితే అమ్మకం అక్కడే ఆగుతుంది. "కొట్టువాడికి కంప్యూటర్ చెబుతుంది" అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది.

నేను చెప్పదలచింది ఇంతే. తుపాకి ఒకసారి కొంటారు, అది యాభై ఏళ్ళు ఉంటుంది. కొన్ననాటి మనిషి యాభై ఏళ్ళూ అలాగే ఉండడు. తాగుడు మొదలవుతుంది, చేయి చేసుకోవడం మొదలవుతుంది, కేసు పడుతుంది, మతి చెదురుతుంది. ఇవన్నీ తుపాకి కొన్న తరువాత జరిగితే తుపాకుల కొట్టులో జరిగిన తనిఖీ వాటిని ఎలా పట్టుకుంటుంది? పద్ధతి ప్రకారం తుపాకి కొని, ఆ తరువాత నిషేధంలోకి వచ్చినవారి జాబితా ఒకటి కాలిఫోర్నియా ప్రభుత్వం నడుపుతోంది. అందులో ఇరవై వేలకు పైగా పేర్లున్నాయి. వాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కటిగా వెళ్ళి తుపాకులు తెచ్చుకోవడానికి అధికారులు ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉన్నారు. తూటాల సంగతి వేరు. తూటా అయిపోతుంది. అయిపోయిన ప్రతిసారీ ఆ మనిషి తన కాళ్ళతో తానే కౌంటర్ ముందుకు వస్తాడు. అతను ఇప్పుడు ఎవరో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు మరొకటి లేదు.

మా ఇంట్లోనే ఈ తనిఖీ మీద ఒప్పుకోని మనిషి ఉన్నారు. మా వారు. ఆయన ఆదివారాల్లో మట్టి పళ్ళాలను గాలిలోకి విసిరి కాల్చే ఆటకు వెళతారు. దానికి పన్నెండు బోరు తుపాకి ఉంది, గ్రీన్‌కార్డు రోజుల్లోనే కొన్నారు. తరువాత పౌరసత్వం వచ్చింది, ఇల్లు మారాం. పౌరసత్వ పత్రంలో ఆయన పేరు ముందు, ఇంటిపేరు వెనక. తుపాకి కొన్నప్పుడు రాసిన కాగితంలో ఇంటిపేరు ముందు. అందులోనూ పద్నాలుగు అక్షరాల ఇంటిపేరులో ఒక అక్షరం ఎవరో మింగేశారు. మన ఇంటిపేర్లతో ఈ దేశపు కాగితాలు పడే తిప్పలు ఇక్కడున్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. 2019 వేసవిలో ఆయన మామూలుగా వెళ్ళే దుకాణంలో కార్డు ఇచ్చారు. కంప్యూటర్ తిరస్కరించింది. వెనక వరుసలో ఆరుగురు నిలబడి ఉన్నారు. "మీకు అమ్మడం కుదరదు" అన్న మాట అందరికీ వినిపించింది. ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "ఇరవై ఏళ్ళు పన్ను కట్టాను, ప్రమాణం చేసి పౌరుణ్ణయ్యాను, ఈ రోజు వరుసలో దొంగలా నిలబెట్టారు" అన్నారు.

ఆయన బాధ నిజం. ఆయన ఒక్కరిదే కాదు కూడా. మామూలు తనిఖీకి అప్పుడు ఒక డాలరు, 2025 జూలై నుంచి అయిదు డాలర్లు. పాత రికార్డుతో పేరు, చిరునామా అక్షరం పొల్లుపోకుండా సరిపోతేనే అది నెగ్గుతుంది. సరిపోకపోతే పందొమ్మిది డాలర్లు కట్టి, మరో తనిఖీకి పెట్టుకుని, రోజుల తరబడి ఆగాలి. 2023 తొలి ఆరు నెలల్లో మామూలు తనిఖీల్లో నూటికి పదకొండు తిరస్కరణకు గురయ్యాయి. వారిలో నిజంగా నిషేధం ఉన్నవారు రెండు వందలలోపే. మిగతావారిలో ఎక్కువ మంది మా వారిలాగా కాగితాలు సరిపోలక వెనక్కి వెళ్ళినవారు. ఈ చట్టం మంచిదనే నేను ఈ లెక్కను దాచిపెట్టలేను. ప్రభుత్వం తన రికార్డుల పనిని సరిగా చేయకుండా ఆ బరువును పౌరుడి నెత్తిన వేసింది. పేరు ముందు వెనకలైతే పోల్చుకునే తెలివి, ఇల్లు మారితే డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయం నుంచే కొత్త చిరునామా తెచ్చుకునే ఏర్పాటు ఈ కాలంలో గొప్ప విద్యలేమీ కావు. మా దుకాణంలో పేరు తేడా వచ్చినంత మాత్రాన రోగికి మందు ఇవ్వకుండా పంపించను. పుట్టినతేదీ చూస్తాను, డాక్టరుకు ఫోను చేస్తాను, అయిదు నిమిషాల్లో తేలుస్తాను. అలా తేల్చే మనిషిని ఒకరిని ఫోను అవతల కూర్చోబెట్టాలి. అది చేయకుండా చట్టం గెలిచిందని సంబరపడేవాళ్ళ మీద నాకు మా వారికంటే ఎక్కువ కోపం.

అయితే ఆ రెండు వందలలోపు మందిని చూసి "ఇంత చేసి పట్టుకున్నది ఇంతేనా" అనేవారితో నేను ఏకీభవించలేను. తనిఖీ ఉందని తెలిసిన దొంగ వరుసలో నిలబడడు, కనుక లెక్కలోకే రాడు. తనిఖీ లేనప్పుడు ఎంతమంది వచ్చేవారో చెప్పే లెక్క ఒకటి ఉంది. లాస్ ఏంజెలెస్ నగరంలో తూటాలు కొన్నవారి వివరాలు పుస్తకంలో రాసుకునే నియమం ముందు నుంచీ ఉండేది, అమ్మకాన్ని ఆపే తనిఖీ మాత్రం లేదు. 2004 ఏప్రిల్, మే నెలల పుస్తకాలను పరిశోధకులు తీసి నేర రికార్డులతో పోల్చారు. 2,031 మంది 4,36,956 తూటాలు కొన్నారు. వారిలో నూటికి 2.6 మంది తూటా ముట్టుకోకూడదని చట్టం చెప్పినవారు. ఆ కొద్దిమంది రెండు నెలల్లో కొన్నవి 10,050 తూటాలు. సొంత పేరుతో, సొంత సంతకంతో కొనుక్కెళ్ళారు. ఎవరూ ఆపలేదు, ఎందుకంటే పుస్తకం రాసుకుంటుంది గాని నోరు తెరిచి చెప్పదు. దేశమంతటా కూడా 1968 చట్టం కింద పిస్టల్ తూటాలు కొన్నవారి పేర్లు రాసేవారు. ఆ పుస్తకాల వల్ల పోలీసులకు పెద్దగా ప్రయోజనం లేదంటూ 1986లో ఆ నియమం తీసేశారు. ఆనాడు కంప్యూటర్లు లేవు, పుస్తకాలు బీరువాల్లో మగ్గాయి, నిజమే. అయితే కావలసింది పుస్తకానికి చెవి, నోరు ఇవ్వడం. వాళ్ళు పుస్తకాన్నే పారేశారు.

కాలిఫోర్నియా చట్టం మీద కోర్టుల్లో పోరాటం నడుస్తోంది. ముందుండి వ్యాజ్యం వేసినవారిలో కిమ్ రోడ్ ఉన్నారు. 1996 నుంచి 2016 వరకు వరుసగా ఆరు ఒలింపిక్ క్రీడల్లో పతకాలు తెచ్చిన షూటింగ్ క్రీడాకారిణి ఆమె. మా వారికి ఆమె అంటే ఎంతో గౌరవం, నాకూ గౌరవమే. రోజుకు వందల తూటాలు కాల్చి సాధన చేసే మనిషికి ప్రతి కొనుగోలుకూ ఆగడం ఎంత చికాకో ఊహించగలను. 2024 జనవరి 30న ఫెడరల్ న్యాయమూర్తి రోజర్ బెనిటెజ్ ఈ తనిఖీ రాజ్యాంగ విరుద్ధమన్నారు. కొద్ది రోజుల్లోనే పైకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. 2025 జూలై 24న తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టులో ముగ్గురి ధర్మాసనం ఇద్దరు అటు, ఒకరు ఇటుగా బెనిటెజ్ గారి వైపే మొగ్గింది. వ్యాజ్యం అంతటితో ముగిసిపోలేదు, దుకాణాల్లో తనిఖీ ఆ తీర్పుతో ఆగిపోలేదు.

న్యాయమూర్తుల ముందున్న కొలబద్ద ఏమిటంటే, తుపాకులకు సంబంధించిన ఏ చట్టమైనా ఈ దేశపు పాత సంప్రదాయానికి తగినట్టు ఉండాలి అన్నది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు అలా చెప్పింది. ఆయుధ హక్కును రాజ్యాంగంలో చేర్చిన 1791 నాటికి తూటాలు కొనేవారిని ఇలా తనిఖీ చేసే చట్టాలు లేవు, కనుక ఇప్పుడూ కుదరదు అన్నది ఆ వాదన సారాంశం. నాకు న్యాయశాస్త్రం రాదు. పల్లె మాత్రం తెలుసు. మా ఊరి ఎరువుల కొట్టు యజమాని ఒక సాయంత్రం పురుగుమందు డబ్బా అడిగిన రైతు ముఖం చూసి, "సరుకు లేదు, రేపు రా" అని పంపి, వెంటనే కొట్టు మూసి, ఆ రైతు అన్నగారి ఇంటికి వెళ్ళాడు. ఆ రైతు ఇప్పటికీ బతికే ఉన్నాడు. మనవల పెళ్ళిళ్ళు చేశాడు. డబ్బా అరలో ఉన్న సంగతి ఆ తరువాతే ఊరికి తెలిసింది. ఆ కొట్టు యజమానికి ఏ చట్టమూ లేదు, ఏ కంప్యూటరూ లేదు. అతనికి మనిషి తెలుసు. రెండు వందల ఏళ్ళ క్రితపు అమెరికా పల్లెలో మందుగుండు అమ్మిన కొట్టువాడికీ కొనే మనిషి ముఖం, వాడి ఇంటి సంగతి, నిన్న రాత్రి వాడి గుమ్మం లోపల వినిపించిన కేకలు తెలిసే ఉంటాయి కదా. చట్టం రాయలేదంటే తెలుసుకోవడం వద్దనుకున్నారని అర్థమా? ఈనాడు ఫ్రీవే పక్కన పెద్ద కొట్టులో కౌంటర్ వెనక పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు నిలబడి ఉంటాడు. ముందుకు వచ్చినవాడు ఎవరో అతనికి ఎన్నడూ తెలియదు. ఆ కుర్రవాడికి తెలిసే దారి ఒక్కటే, కంప్యూటర్.

మా నాన్నగారికీ తుపాకి ఉండేది. నల్లమల అంచున పొలం, రాత్రిపూట అడవిపందులను బెదరగొట్టడానికి లైసెన్సు తీసుకున్నారు. తూటాలు కావాలంటే లైసెన్సు పుస్తకం పట్టుకుని పట్టణానికి వెళ్ళేవారు. ఒక్కసారికి ఎన్ని కొనవచ్చో, సంవత్సరానికి ఎన్నో అందులోనే రాసి ఉండేది. కొట్టాయన ఇచ్చినవి లెక్కపెట్టి ఆ పుస్తకంలో ఎక్కించేవాడు. ఎన్నికలొస్తే తుపాకిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. అది తన మర్యాదకు లోటని నాన్నగారు ఎప్పుడూ అనలేదు. మన దేశంలో నాటు తుపాకులు లేవని నేను అనడం లేదు, ఉన్నాయి. కాని తూటా లెక్క అడగడం అవమానం కాదన్న సంగతి నేను ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

ఈ తనిఖీతో అన్నీ ఆగిపోతాయని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. 2012 జూలైలో కొలరాడోలోని ఆరోరా సినిమా హాలులో పన్నెండు మందిని చంపినవాడు అంతకు ముందు ఇంటర్‌నెట్‌లో వేల తూటాలు తెప్పించుకున్నాడు. అతని మీద పాత కేసులు లేవు, తనిఖీ చేసినా నెగ్గేవాడే. 2019 జూలై 28న గిల్‌రాయ్ వెల్లుల్లి పండుగలో ముగ్గురిని చంపినవాడు రైఫిల్‌ను నెవాడాలో కొని కాలిఫోర్నియాకు తెచ్చాడు. అప్పటికి ఇక్కడ తూటాల చట్టం మొదలై నాలుగు వారాలే. 2023లో ఈ దేశంలో తుపాకి వల్ల పోయిన ప్రాణాలు 46 వేలకు పైగా. అందులో 27 వేలకు పైగా ఆత్మహత్యలు. దానికి ఒక్క తూటా చాలు, అది ఇంట్లో ముందే ఉంటుంది. ఇక నెవాడా వంటి పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకునే వీలున్నంత కాలం ఒక్క రాష్ట్రం చేస్తే చాలదని నా మాట. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి తూటాలకు తనిఖీ పెట్టింది. ఇల్లినాయ్, కనెక్టికట్, మాసచూసెట్స్ వంటి కొన్ని రాష్ట్రాలు లైసెన్సు గాని కార్డు గాని చూపమంటాయి. చాలా రాష్ట్రాల్లో ఏమీ లేదు. రీనో నుంచి మేము తిరిగి వస్తుంటే ట్రకీ దగ్గర చెక్‌పోస్టులో కారు ఆపి, పండ్లు, మొక్కలు ఏమైనా తెస్తున్నారా అని అడుగుతారు. నారింజ పండులో పురుగు వస్తుందేమోనని భయం. అది అవసరమే. డిక్కీలో వెయ్యి తూటాలు ఉన్నాయా అని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు టెక్సస్‌లో వాళ్ళ అన్నయ్య దగ్గర ఉంటోంది. ఉద్యోగం దొరికింది. కోర్టు ఉత్తర్వు అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుందని కాగితం జాగ్రత్తగా పెట్టుకుంది. పోయిన సంక్రాంతికి ఫోను చేసింది. ఆ భర్త కూడా ఉద్యోగం మారి అటే వచ్చాడని ఎవరో చెప్పారట. పండుగ మాటలు అయ్యాక కాసేపు ఊరుకుని, "అక్కా, ఇక్కడ కొట్టువాడికి తెలుస్తుందా?" అని అడిగింది. తెలియదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇక మీ పాఠకులకు నేరుగా సంబంధించిన సంగతి. విద్యార్థి వీసా, హెచ్1బీ వంటి ఉద్యోగ వీసా, తల్లిదండ్రులు వచ్చే సందర్శక వీసా, ఇవన్నీ తాత్కాలిక వీసాలు. వీటి మీద వచ్చినవారు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం 1998 నుంచి చెబుతోంది. ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. తుపాకి కొనేటప్పుడు నింపే ఫెడరల్ పత్రంలో వీసా గురించి ప్రశ్న ఉంటుంది, కనుక అక్కడ మన పిల్లవాడు ఆగుతాడు. తూటాల పెట్టెకు ఏ పత్రమూ లేదు. స్నేహితుడి తుపాకితో వారాంతం సరదాగా కాల్చి వద్దామని దుకాణంలో పెట్టె కొంటాడు. ఎవరూ అడగలేదు కనుక తప్పు లేదనుకుంటాడు. కారులో ఆ పెట్టెతో పట్టుబడితే పదిహేనేళ్ళ వరకు జైలు శిక్ష పడే నేరం అది. చదువు, వీసా, ఇక్కడి భవిష్యత్తు అన్నీ పోతాయి. లాస్ వేగస్ చూపించడానికి తీసుకువెళ్ళి, కాల్పుల మైదానంలో నాన్నగారి చేతికి అద్దె తుపాకి ఇచ్చి ఫోటో తీసిన కొడుకులు నాకు తెలుసు. సందర్శక వీసా మీద ఉన్న ఆ పెద్దాయనకు తాను ఏమి చేస్తున్నదీ తెలియదు.

కౌంటర్ దగ్గర తనిఖీ ఉంటే ఆ పిల్లవాడు అక్కడే "మీకు అమ్మకూడదు" అన్న మాట విని, చిన్నబుచ్చుకుని ఇంటికి వచ్చేవాడు. మా వారిలాగా రెండు రోజులు అన్నం సహించకపోయేది, అంతే. ఆ మాట చెప్పేవారు లేక అతను నేరస్థుడవుతున్నాడు. అందుకే ఈ తనిఖీ కొనేవాడి మంచికి కూడా అని నేను అంటున్నాను. తెలుగు సంఘాలవారు కొత్తగా వచ్చే విద్యార్థులకు బ్యాంకు ఖాతా, ఇల్లు, డ్రైవింగ్ గురించి చెప్పే సమావేశాల్లో దీనికి అయిదు నిమిషాలు కేటాయించాలి. ఓటు హక్కు ఉన్న తెలుగువారు తమ ప్రతినిధులకు ఉత్తరం రాసి, తనిఖీ దేశమంతటా పెట్టమని, పేర్ల తప్పులు అదే రోజు దిద్దే ఏర్పాటుతో పెట్టమని అడగాలి. నేను మా ప్రతినిధికి రాశాను. మా వారు ఆ ఉత్తరంలో రెండో సగానికి మాత్రమే సంతకం పెడతానన్నారు. పెట్టారు.

మీ విదేశీ విద్య పేజీలో ఈ మూడు వాక్యాలు వేయమని నా విన్నపం: "అమెరికాకు విద్యార్థి, ఉద్యోగ, సందర్శక వీసాల మీద వెళ్ళినవారు, చట్టం ఇచ్చిన మినహాయింపు లేకుండా తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం నేరం. చాలా రాష్ట్రాల్లో తూటాలు అమ్మే దుకాణంలో మీ వీసా సంగతి ఎవరూ అడగరు. అడగకపోవడం అనుమతి కాదు."

ఇట్లు
మీ పాఠకురాలు, ఒక ఫార్మసిస్టు
శాక్రమెంటో సమీపం, కాలిఫోర్నియా